గోదావరి స్నానంలో తలుచుకునే సైనికుడు: కాటన్ దొర గారి కథ

గౌతమ మహర్షి కథ మీద మనం చేసిన వీడియో గుర్తుందా? దర్భపుల్ల తగిలి ఆవు పడిపోవడం, ఆ పాపం పోగొట్టుకోవడానికి మహర్షి తపస్సు చేయడం, శివుడి జటాజూటం నుంచి గంగ దిగివచ్చి గోదావరి కావడం... అంతా అందులో చెప్పుకున్నాం. సముద్రం దగ్గర పడేసరికి సప్తఋషులు ఆ నదిని ఏడు పాయలుగా తీసుకెళ్ళారని కూడా విన్నారు. ఈరోజు చెప్పబోయేది ఆ కథ తర్వాతి భాగం అనుకోండి. కాకపోతే ఇందులో మహర్షి లేడు. ఎర్రకోటు వేసుకున్న ఒక సైనికుడు ఉన్నారు. ఆయన హిందువు కాదు, క్రైస్తవుడు. అదీ పేరుకి కాదు, రోజూ బైబిలు చదివి ప్రార్థన చేసుకునేంత గట్టి క్రైస్తవుడు.

ఆయనే సర్ ఆర్థర్ థామస్ కాటన్. మా గోదావరి జిల్లాల్లో కాటన్ దొర అంటేనే తెలుస్తుంది.

హైదరాబాదులోనో బెంగళూరులోనో పెరిగిన మీలో చాలామందికి ఈ సంగతి కొత్తగా ఉండొచ్చు. డెల్టాలో ఏ ఊరు వెళ్ళినా, రామాలయం దాటాక సెంటర్లో గుర్రం మీద కూర్చున్న ఒక దొర విగ్రహం కనపడుతుంది. మే 15న దానికి దండలు వేస్తారు. గోదావరిలో స్నానం చేయించేటప్పుడు కొందరు పురోహితులు ఆయన్ని భగీరథుడితో పోల్చే సంస్కృత శ్లోకం చెప్పించడం ఇక్కడ పాత అలవాటు. పుష్కరాల్లో ఆయన పేరు మీద పిండం పెట్టిన రైతులు కూడా ఉన్నారు. ఒక పరాయి మతస్థుడికి, అందులోనూ మన్ని పాలించిన కంపెనీ సైన్యంలో పనిచేసిన మనిషికి, ఈ గౌరవం ఎలా దక్కింది? మా మండపేట కాలువ గట్టు మీద కూర్చుని ఎవర్ని అడిగినా, ముందు కరువు గురించే చెబుతారు.

1832, 33 సంవత్సరాల్లో వచ్చింది ఆ కరువు. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అన్నారు. గుంటూరు వైపు దాన్నే డొక్కల కరువు అంటారు. చనిపోయినవాళ్ళ ఎముకలు దారి పొడుగునా పడి ఉండేవట, అందుకని ఆ పేరు. అది పోయిందనుకుంటే 1839లో తుపాను వచ్చి కోరంగి వైపు సముద్రం ఊళ్ళ మీద పడింది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా లెక్కలు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 1821లో 7,38,308 మంది. 1841కి 5,61,041 మంది. ఇరవై ఏళ్ళలో ఎంతమంది తగ్గిపోయారో చూడండి. చచ్చిపోయినవాళ్ళు కొందరు, ఊరు వదిలి వెళ్ళిపోయినవాళ్ళు కొందరు.

ఇందులో అసలు బాధ ఏమిటంటే, ఇదంతా జరిగింది గోదావరి ఒడ్డున. వానాకాలం వస్తే ఆ నది కనుచూపు మేర ఎర్రగా పారుతుంది. నాలుగు నెలలు వరద, ఆ తర్వాత ఇసుక. వరద ఎక్కువైతే పంట మునుగుతుంది, తక్కువైతే ఎండుతుంది. నీళ్ళన్నీ సముద్రంలోకి పోతాయి. గౌతముడు తెచ్చిన గంగ మన గడప ముందు నుంచే పోతోంది, మన చేలోకి మాత్రం రాదు.

ఇక దొర గారి దగ్గరికి వద్దాం.

ఆయన 1803 మే 15న పుట్టారు. ఇంటి నిండా మగపిల్లలే, పదకొండు మంది, ఈయన పదోవాడు. పదిహేనేళ్ళకే ఈస్టిండియా కంపెనీ వాళ్ళ సైనిక పాఠశాల అడిస్కంబులో చేరారు. 1821లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చిన్న అధికారిగా మన దేశానికి వచ్చారు. ఇవాళ మనం ఇంజనీరు అంటే ల్యాప్‌టాప్ పట్టుకున్న మనిషి గుర్తొస్తాడు. అప్పట్లో ఈ దళంలో ఇంజనీరు అంటే ముందు సైనికుడే. వంతెన కట్టడం ఎంత పనో, శత్రువు కోట గోడ ఎక్కడ పగలగొట్టాలో చూపించడం కూడా అంతే పని.

వచ్చిన కొత్తలో ఆయనకి అప్పగించిన పనుల్లో ఒకటి రామేశ్వరం దగ్గర పాంబన్ జలసంధి సర్వే. రాముడు వారధి కట్టిన చోట, తర్వాత కాలంలో గోదావరికి ఆనకట్ట కట్టబోయే కుర్రాడు నీటి లోతులు కొలుచుకుంటూ తిరిగాడన్నమాట. ఇది నేను కల్పించిన పోలిక కాదు, ఆయన ఉద్యోగ చరిత్రలో ఉన్నదే. నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా ముచ్చటగా ఉంటుంది.

1824లో మొదటి బర్మా యుద్ధం మొదలైంది. ఆయనకి ఇరవై ఒక్క ఏళ్ళు. రంగూన్ చుట్టూ అడవుల్లో బర్మా సైన్యం వెదురు, టేకు దుంగలతో కోటలు కట్టుకుని కూర్చుంది. వాటి మీదికి దూకే దళాలతో ఇంజనీర్లు కూడా ముందు నడవాలి. ఆ యుద్ధంలో తుపాకీ గుళ్ళకంటే జ్వరాలు, విరేచనాలు ఎక్కువమందిని తీసుకెళ్ళాయి. మన మద్రాసు సిపాయిలు వేల సంఖ్యలో వెళ్ళారు, ఎంతోమంది తిరిగి రాలేదు. వాళ్ళ పేర్లు మీద ఏ ఊళ్ళోనూ విగ్రహాలు లేవు. కాటన్ బతికి వచ్చారు. కానీ ఒంట్లో బలం మాత్రం పోయింది. ఆ తర్వాత జీవితమంతా జబ్బులతో సెలవులు పెట్టడం, తిరిగి రావడం, మళ్ళీ సెలవు పెట్టడం.

సైనికుల దైవభక్తి గురించి మా డెల్టాలో వాళ్ళకి చెప్పక్కర్లేదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరు ఉంది, మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా ఇంటింటి నుంచి సైన్యానికి పంపిన ఊరు. యుద్ధం చూసి వచ్చిన మనిషి దేవుడి ముందు నిలబడే తీరే వేరుగా ఉంటుంది. కొందరికి నమ్మకం పోతుంది, కొందరికి మరింత గట్టి పడుతుంది. కాటన్ రెండో రకం. యవ్వనంలోనే ఆయనకి క్రీస్తు మీద విశ్వాసం లోతుగా నాటుకుంది, తొంభై ఆరేళ్ళ వరకూ సడలలేదు.

ఆ విశ్వాసానికి సంబంధించిన ఒక ఘట్టం చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. జబ్బు చేసి ఇంగ్లండు వెళ్ళిన కాటన్, తిరిగి వచ్చేటప్పుడు ఓడ మీద హాయిగా రాకుండా ఎడారి దారి పట్టారు. 1833లో బాగ్దాదు చేరారు. అక్కడ ఆంథనీ నారిస్ గ్రోవ్స్ అనే మిషనరీ ఉన్నారు. ఈయన అసలు పళ్ళ డాక్టరు. సంపాదన వదులుకుని కుటుంబంతో వచ్చారు. 1831లో బాగ్దాదుని ప్లేగు చుట్టేసింది, దాంతో పాటే వరద. గ్రోవ్స్ భార్య ఆ ప్లేగులోనే చనిపోయారు. సర్వం పోగొట్టుకుని కూడా దేవుణ్ణి విడవని మనిషి దగ్గరికి, యుద్ధంలో నలిగిన ఒక సైనికుడు వచ్చి చేరాడు. ఇద్దరూ కలిసి ఇండియాకి వచ్చారు. ఆ మూడేళ్ళకి గ్రోవ్స్ తీసుకొచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు యువకులే నరసాపురం వైపు స్థిరపడి, గోదావరి డెల్టా మిషన్ అని పిలిచే పనికి పునాది వేశారు. తర్వాత ధవళేశ్వరంలో ఆనకట్ట కూలీల మధ్య కూడా వాళ్ళ బోధ సాగింది. కాటన్ గారు మిషనరీలకి అండగా ఉన్నమాట నిజం. ఇది దాచిపెట్టి ఆయన్ని మనకి నచ్చినట్టు చూపించడం నాకు ఇష్టం లేదు. ఆయన నమ్మకం ఆయనది. ఆ నమ్మకం ఆయన చేత ఏం చేయించిందో అది చూద్దాం.

ఇక పని సంగతి. 1820ల చివర్లో ఆయన్ని కావేరి వైపు పంపారు. తంజావూరు డెల్టాకి ఒక జబ్బు పట్టింది. నీళ్ళన్నీ కొల్లిడం పాయలోకి జారిపోతున్నాయి, కావేరి ఇసుక మేట వేసి ఎండిపోతోంది. అక్కడ ఆయన కల్లణై చూశారు. కరికాల చోళుడు కట్టించాడని చెప్పే ఆనకట్ట. ఇంగ్లండులో చదివిన ఇంజనీరింగు ప్రకారం, రాతి పునాది లేనిదే నది మీద కట్టడం నిలవదు. మరి కల్లణై వందల ఏళ్ళుగా ఇసుక మీద ఎలా నిలబడింది? పెద్ద పెద్ద రాళ్ళు ఇసుకలోకి దించితే, అవి కుంగి కుంగి ఒకచోట ఆగుతాయి. ఆగినచోట మళ్ళీ రాళ్ళు. అవీ ఆగాక పైన కట్టడం. ఇంతే రహస్యం. మన పూర్వులు కనిపెట్టిన ఈ విద్యని ఆయన వంగి నేర్చుకున్నారు. తనకి ఇది ఎవరు నేర్పారో తర్వాత రాతల్లో ఒప్పుకున్నారు కూడా. పాలించే జాతి మనిషి, అందులోనూ ఆ రోజుల్లో, ఆ మాట ఒప్పుకోవడం చిన్న విషయం కాదండీ. కొల్లిడం మీద ఎగువ ఆనకట్ట 1836కి పూర్తయింది. తంజావూరు మళ్ళీ పచ్చబడింది.

మళ్ళీ జబ్బు. ఈసారి ఆస్ట్రేలియా వైపు, టాస్మేనియా వెళ్ళారు. 1841లో అక్కడే ఎలిజబెత్ లియర్‌మంత్‌ని పెళ్ళి చేసుకున్నారు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో చర్చి కట్టే పని అప్పగించారు. ఒంట్లో ఓపిక లేని అధికారికి తేలికపాటి పని ఇచ్చారన్నమాట. అక్కడి నుంచి ఆయన చూపు గోదావరి మీద పడింది.

1844లో, 1845లో ఆయన రాసిన నివేదికల్లో ఉన్న వాదన చాలా సూటిగా ఉంటుంది. తంజావూరుదీ రాజమండ్రిదీ ఒకటే రకం నేల. గోదావరిలో నీళ్ళు కావేరికంటే చాలా ఎక్కువ. మరి అక్కడ అన్నం ఉంది, ఇక్కడ ఆకలి ఉంది. తేడా నది దగ్గర లేదు, పాలకుల దగ్గర ఉంది. కంపెనీ కింద జీతం తీసుకుంటూ కంపెనీని ఇలా నిలదీయడానికి ఆయనకి ధైర్యం ఎక్కడిది అంటే, నాకు తోచే జవాబు ఆయన భక్తే. నది దేవుడిచ్చిన సొత్తు, జనం ఆకలితో పోతుంటే దాన్ని సముద్రం పాలు చేయడం పాపం అని ఆయన నమ్మారు. యుద్ధాల్లో పోసే డబ్బులో కొంచెం నీళ్ళకి పెట్టమని జీవితాంతం అడుగుతూనే ఉన్నారు. స్వయంగా యుద్ధం చేసిన మనిషి అడిగాడు కాబట్టి ఆ మాటకి బరువు ఉంది.

అలాగని కంపెనీ వాళ్ళు జాలిపడి ఒప్పుకోలేదు లెండి. జనం లేకపోతే శిస్తు రాదు, నీళ్ళు ఇస్తే శిస్తు పెరుగుతుంది. ఆ లెక్క కుదిరింది కాబట్టి ఒప్పుకున్నారు. కాటన్ కూడా ఆ లెక్క చూపించే వాళ్ళని ఒప్పించారు.

1847లో పని మొదలైంది. చోటు ఎంపిక చూడండి. ధవళేశ్వరం దగ్గరే గోదావరి పాయలుగా చీలుతుంది, అంటే అది డెల్టాకి తలకట్టు. అక్కడ నీటిమట్టం కాస్త పెంచితే చాలు, కిందనున్న మూడు డెల్టాలకీ నీరు తనంతట తానే పారుతుంది. ఒక్క మోటారు అక్కర్లేదు. పైగా డెల్టా నేలకి ఒక గుణం ఉంది: నది గట్టు దగ్గర మెరక, గట్టు నుంచి దూరం పోయేకొద్దీ పల్లం. అందుకే గట్టు వెంట కాలువ తీస్తే రెండువైపులా చేలకి నీళ్ళు జారతాయి. నది వెడల్పు అక్కడ ఆరు కిలోమీటర్ల దాకా ఉంటుంది, కానీ మధ్యలో లంకలు ఉన్నాయి. వాటిని కలుపుకుంటూ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కడితే, మొత్తం కట్టాల్సింది 3.6 కిలోమీటర్లే. రాయి పక్కనే ధవళేశ్వరం కొండలో దొరికింది. ఆ రాళ్ళు మోయడానికి పట్టాలు వేసి బండ్లు నడిపారు. దేశంలో ప్రయాణికుల రైలు రాకముందు మాట ఇది.

ఇక్కడ వీణెం వీరన్న గారి పేరు చెప్పకపోతే తప్పు. కూలీలని పోగుచేయడం, వాళ్ళకి నచ్చజెప్పడం, పని నడిపించడం ఈ తెలుగు ఉద్యోగి భుజాల మీద పడింది. భాష రాని దొరకీ, దొరని నమ్మని జనానికీ మధ్య వారధి ఆయనే. వేలమంది ఎండలో రాళ్ళు మోశారు. వాళ్ళ పేర్లు వీరన్న గారికి తెలిసి ఉంటాయి, మనకి మిగల్లేదు.

పని చేయగలిగేది ఏడాదిలో సగం రోజులే. జూన్ దాటితే వరద. వేసిన రాయిని నది ఎత్తుకుపోయిన రోజులూ ఉన్నాయి. అడిగినంత మంది ఇంజనీర్లని పై వాళ్ళు ఇవ్వలేదు. మొదలుపెట్టిన ఏడాదికే కాటన్ గారి ఆరోగ్యం పూర్తిగా పాడైంది. 1848లో వదిలి వెళ్ళక తప్పలేదు. కెప్టెన్ ఓర్ ఆ బాధ్యత తీసుకుని నడిపించారు. భగీరథుడి కథలో ఇలాంటి చోట్లు ఉన్నాయి కదా? గంగ వస్తానంటుంది, పట్టేవాడు లేడు. శివుడు పడతాడు, జటలోంచి వదలడు. వదులుతాడు, జహ్నువు తాగేస్తాడు. ప్రతిసారీ మళ్ళీ కూర్చుని తపస్సు. కాటన్ కూడా 1850లో మళ్ళీ వచ్చారు. 1852కి ఆనకట్ట నిలబడింది.

ఆ తర్వాత కాలువలు. వాటిలోనే ఒకటి మా ఊరి మీదుగా పోయే మండపేట కాలువ, తూర్పు డెల్టా వ్యవస్థలోది. కోనసీమలో వైనతేయ పాయ దాటించి నగరం దీవికి నీళ్ళు పంపడానికి గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడక్టు కట్టారు. కింద నది, పైన కాలువ. దాని పక్కన ఇప్పుడున్న కొత్త అక్విడక్టుకి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలన్నవాడికి ఏ వేళైనా అన్నం పెట్టిన బ్రాహ్మణ ఇల్లాలి పేరూ, ఈ క్రైస్తవ సైనికుడి పనీ ఒకే చోట పక్కపక్కన ఉన్నాయి. ఎప్పుడైనా లంకల గన్నవరం వెళితే ఆగి చూడండి.

కాలువలు నీళ్ళకే కాదు, పడవలకి కూడా. లాకులు దాటుకుంటూ ధాన్యం పడవలు కాకినాడ రేవుకి వెళ్ళేవి. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాష్ట్రాన్ని మహా కరువు పట్టి లక్షలాది మంది పోయినప్పుడు, నలభై ఏళ్ళ కిందట జనం లేక బోసిపోయిన ఈ డెల్టా తాను తిని బయటికి కూడా ధాన్యం పంపింది.

దొర గారు గెలుస్తూనే పోయారనుకోకండి. 1861లో సర్ బిరుదు వచ్చింది, 1876లో జనరల్ హోదా వచ్చింది, కానీ ఆయన పెద్ద కల నెరవేరలేదు. దేశమంతా నదుల్ని కాలువలతో కలపాలని, రైళ్ళకి పోసే డబ్బు నీటికి పెట్టాలని ఆయన పోరాడారు. తుంగభద్ర మీద కర్నూలు కడప కాలువ, ఒరిస్సా కాలువలు, ఆయన ప్రోత్సాహంతో ప్రైవేటు కంపెనీలు తలపెట్టినవి, నష్టాల్లో పడ్డాయి. విరోధులకి అది చాలు. 1878లో పార్లమెంటు సంఘం ముందు డెబ్భై అయిదేళ్ళ ఈ పాత సైనికుణ్ణి కూర్చోబెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఆయన లెక్కల్లో కొన్నిచోట్ల ఆశ ఎక్కువ, జాగ్రత్త తక్కువ అన్న విమర్శలో కొంత నిజం ఉందనే నాకూ అనిపిస్తుంది. కానీ లక్షలమంది కరువులో చచ్చిపోయిన ఏడాది అది. ఆ సంఘం చివరికి ఆయన పథకాన్ని పక్కన పెట్టింది.

చేదు మిగిలిందా? ఆయన కూతురు ఎలిజబెత్, పెళ్ళయ్యాక లేడీ హోప్, తండ్రి జీవితం మీద 1900లో ఒక పుస్తకం వేశారు. ఇంగ్లండులో డార్కింగ్ అనే ఊళ్ళో స్థిరపడిన ముసలాయన, తొంభై దగ్గర పడుతున్నా పెరట్లో మట్టి లోతుగా తవ్వి గోధుమ వేసి, చిన్న చెక్కలో ఎంత ఎక్కువ పండుతుందో ప్రయోగాలు చేసుకుంటూ ఉండేవారు. ఎక్కడో ఎవరి ఆకలో ఇంకా ఆయన్ని వదల్లేదన్నమాట. పక్కన బైబిలు, చేతిలో మట్టి. 1899 జూలై 24న కన్నుమూశారు.

ఆయన కట్టిన ఆనకట్ట నూట ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. 1970లో మొదలుపెట్టి 1982కి పూర్తి చేసిన కొత్త బ్యారేజికి ఆయన పేరే ఉంచారు. దాని కింద ఇవాళ పది లక్షల ఎకరాలకు పైగా సాగవుతోంది.

వేసవిలో మా ఊరు వచ్చారంటే మండపేట కాలువ ఎండిపోయి కనపడుతుంది, పూడికలు తీయడానికి కట్టేస్తారు. కాలువ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుకుంటూ ఉంటారు. జూన్‌లో ధవళేశ్వరంలో గేట్లు ఎత్తిన కబురు వస్తుంది. నీళ్ళు మా రేవు మెట్లదాకా వచ్చిన పొద్దున, మా వీధిలో పెద్దావిడ ఒకావిడ పసుపు కుంకుమ చల్లి, గంగమ్మకి దణ్ణం పెట్టి, ఆ వెంటనే దొర పేరు కూడా తలుచుకుని ఇంట్లోకి వెళ్ళిపోతారు. సార్వా నారుమళ్ళు ఆ నీళ్ళతోనే మొదలవుతాయి.

రాజమండ్రి వెళ్ళినవాళ్ళు ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడండి, పట్నం నుంచి ఆటోలో వెళ్ళిపోవచ్చు. వచ్చే పోస్టులో ద్రాక్షారామం, సప్తగోదావరి గుండం గురించి రాస్తాను.